ఇద్దరి ఖాతా

మా వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆమె కర్టెన్ల వదినే. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, చేతిసంచిలో గుండుసూదుల డబ్బా. ఎవరింటికి వెళ్ళినా ముందు కిటికీని పలకరించి ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తుంది. "ఈ కిటికీకి పొద్దుటి ఎండ తగులుతుంది, పల్చటి గుడ్డ వేస్తే ఏడాది తిరక్కుండా వెలిసిపోతుంది" అని తేల్చేసి, నిచ్చెన దిగాక "పిల్లలు బాగున్నారా" అని అడుగుతుంది. ఆమె కుట్టిన కుచ్చులు ఏళ్ళు గడిచినా చెదరవు. బేరమాడేవాళ్ళతో మాత్రం కచ్చితంగా ఉంటుంది. "కిటికీ మీది, కుచ్చులు నావి. కిటికీ ధర మీరు చెప్పండి, కుచ్చుల ధర నేను చెప్తా" అంటుంది.

వీధి చివర మేడ మీద ఆమె కొట్టు. ముందు గదిలో గుడ్డ తానులు, వెనక గదిలో రెండు కుట్టు మిషన్లు, ఆ వెనక మంచం పట్టేంత గది, చిన్న వంటిల్లు. కొట్టూ ఇల్లూ అదే. రెండో మిషన్ మీద ఒక పెద్దాయన కుడతాడు. ఆయన్ని మిషన్ బాబాయ్ అంటాం. కుట్టు కంటే మాట ఎక్కువ, మాట కంటే దగ్గు ఎక్కువ.

వదిన అన్నాక అన్నయ్య ఉండాలి కదా. ఉన్నాడు. సొంత లారీ ఉంది, తనే నడుపుతాడు. కానీ ఏడెనిమిదేళ్ళ పాటు ఆ మేడ మెట్లు ఎక్కలేదు.

అలాగని పెద్ద గొడవేమీ జరగలేదు. మనిషి మంచివాడు. పెళ్ళైన కొత్తలో ఆమెను లారీలో పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్ళు తిప్పాడు. మెడలో టేపు తీయకుండానే లారీ ఎక్కేదని ఆమెకు "టేపూ" అని పేరు పెట్టాడు. కాకపోతే నాలుగు గోడల మధ్య ఆయనకు ఊపిరాడదు. ఒకసారి నడుం పట్టేసి, కొన్నాళ్ళు బండి ముట్టుకోవద్దని డాక్టరు చెబితే, కొట్లో కూర్చుని గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టాడు. కూర్చోలేక, లేవలేక, ఎవరు మెట్లెక్కినా రోడ్డు సంగతులు అడుగుతూ గడిపాడు. ఒక రోజు ఎవరిదో ఖరీదైన గుడ్డ తాను తానంతా జానెడు తక్కువగా కత్తిరించేశాడు. కొట్టు నిండా మనుషులు. వదినకు నోరు జారింది.

"మీరు ఇంట్లో ఉన్నా ఒకటే, రోడ్డు మీద ఉన్నా ఒకటే. రోడ్డు మీదుంటే కనీసం గుడ్డైనా మిగులుతుంది!"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసినప్పుడే తనకు భయం వేసిందని వదిన తర్వాత మా ఆవిడతో చెప్పింది. నడుం కుదుటపడగానే లోడు వేసుకుని వెళ్ళాడు. ఆ లోడు దించాక ఇంటికి రాలేదు. ఇంకో ఊళ్ళో లారీల అడ్డా పక్కన గది తీసుకున్నాడని ఎవరో చెప్పారు. ఆయన రాలేదని ఆమె పిలవలేదు. ఆమె పిలవలేదని ఆయన రాలేదు. మొదట రోజులు, తర్వాత నెలలు, ఆ తర్వాత ఇద్దరికీ మొహం చెల్లలేదు.

విడిపోయినవాళ్ళు ముందు తెంచుకునేది డబ్బు దగ్గరే. వీళ్ళు అన్నీ తెంచుకుని అదొక్కటీ మర్చిపోయారు. కొట్టు పెట్టిన కొత్తలో బ్యాంకులో ఇద్దరి పేరు మీదా తీసుకున్న ఖాతా అలాగే ఉండిపోయింది. ఆయన కిరాయిలు అందులోనే పడేవి. ఆమె కర్టెన్ల డబ్బులూ అందులోనే పడేవి. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకునేవారు. నీదెంత, నాదెంత అని ఒక్కసారి కూడా మాట రాలేదు. రావడానికి అసలు మాటలుంటే కదా.

ఖాతాలో చీమ కదిలినా ఇద్దరి ఫోన్లకూ మెసేజ్ వస్తుంది. వదిన బతుకు ఆ మెసేజ్‌ల చుట్టూ తిరగడం మొదలైంది. పొద్దున్నే ఏదో టీ కొట్టు పేరు వస్తే ఆయన లేచాడన్నమాట. మధ్యాహ్నం హోటల్ పేరు వస్తే తిన్నాడన్నమాట. అది రాని రోజున ఆమెకూ ముద్ద దిగేది కాదు. డీజిల్ పోయించుకున్న బంకు పేరు పక్కనే ఊరి పేరు ఉండేది. ఆ ఊళ్ళు ఒక వరసలో వస్తే లోడుతో వెళ్తున్నాడని, అవే తిరగేసి వస్తే వెనక్కి వస్తున్నాడని ఆమెకు తెలిసిపోయేది. చేతిలో కత్తెర ఉన్నా, నిచ్చెన మీద ఉన్నా, ఫోను కూసిందంటే చేయి తుడుచుకుని చూడాల్సిందే.

"ఎవరమ్మా?" అనేవాడు మిషన్ బాబాయ్, అంతా తెలిసే.

"బ్యాంకు వాళ్ళు బాబాయ్."

"బ్యాంకు వాళ్ళకు నువ్వంటే ఎంత ప్రేమో! మా ఇంట్లోవాళ్ళు నన్ను ఇన్నిసార్లు తలుచుకుంటే నేనీ పాటికి దగ్గుతో కాదు, పొలమారి పోయేవాడిని."

ఒకసారి ఒకే వారంలో మూడుసార్లు ఒకే ఊళ్ళో మందుల షాపు పేరు వచ్చింది. వదిన రెండు రోజులు చూసింది. మూడో రోజు ఏదో గుడ్డల మూట పంపాలన్న వంకతో ఆయనకు లోడ్లిచ్చే లారీ ఆఫీసుకు వెళ్ళి, కిరాయి ఎంత, ఎప్పుడు పంపుతారు అని అక్కర్లేనివన్నీ అడిగి, చివర్న "మీ డ్రైవర్లందరూ బాగున్నారా" అని అడిగింది. అక్కడి గుమాస్తా తెల్లమొహం వేసి "బాగున్నారమ్మా" అన్నాడు. ఆ ఒక్క ముక్క మూట కట్టుకుని ఇంటికొచ్చింది.

అలాంటి ఖాతా, ఒక రోజు ఉన్నట్టుండి ఆగిపోయింది.

వదిన టోకు బట్టల కొట్లో ఉంది. తానులు ఎంచుకుని, కట్టించి, ఫోన్‌తో డబ్బు కట్టబోతే వెళ్ళలేదు. మళ్ళీ కట్టింది. వెళ్ళలేదు. కొట్టు యజమాని ఎన్నో ఏళ్ళుగా ఎరిగినవాడు, "సర్వర్ సరిగా లేదేమోనమ్మా, మెల్లగా కట్టండి" అన్నాడు. కానీ కట్టిన తానులు బల్ల మీదే ఉంచాడు, ఆమె చేతికివ్వలేదు. వదిన ఒక పక్కకు వెళ్ళి ఫోన్‌లో ఖాతా తెరిచి చూసింది. డబ్బు కనపడుతోంది. దాని కింద ఎర్రటి అక్షరాలతో, ఈ ఖాతా నిలిపివేయబడినది అని ఉంది. ముందు ఒక్క మెసేజ్ లేదు, ఒక్క ఫోన్ లేదు.

ఆమెకు డబ్బు గుర్తుకు రాలేదు. కట్టాల్సిన అద్దె, బాబాయ్‌కివ్వాల్సిన జీతం, బయానా తీసుకున్న పనులు, ఏవీ గుర్తుకు రాలేదు. 'ఆయనే ఆపించేశారు' అనుకుంది.

తానులు వదిలేసి ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుంది. ఆ రోజు టీ కొట్టు పేరు రాలేదు. హోటల్ పేరు రాలేదు. మర్నాడూ ఫోన్ పలకలేదు. ఆ నిశ్శబ్దంలో ఆమె ఒకటే కర్టెన్‌కు కుచ్చులు పెట్టి విప్పి, పెట్టి విప్పి చేసింది. మిషన్ బాబాయ్ చూసి చూసి దారం తెంపేశాడు.

"బ్యాంకుకు వెళ్ళి అడక్కుండా ఆ గుడ్డ ప్రాణం తీస్తావేమ్మా?"

"అడిగితే చెప్తారు బాబాయ్."

"చెప్పడానికేగా వాళ్ళున్నది!"

"అదే. చెప్తారని భయం."

బాబాయ్‌కి ఆ మాటతో దగ్గు కూడా ఆగిపోయింది. "నువ్వు అడక్కపోయినా ఉన్నది ఉన్నట్టే ఉంటుందమ్మా. లే, నేనూ వస్తా" అన్నాడు.

బ్యాంకులో ఖాతాల సంగతులు చూసే అమ్మాయి కొత్తగా చేరినట్టుంది, ప్రతిదానికీ కంప్యూటర్ వైపు అనుమానంగా చూస్తోంది. వదిన ఖాతా నంబరు కొట్టి మొహం చిట్లించింది.

"మీ అకౌంట్ ఫ్రీజ్ అయిందండీ."

"తెలుసమ్మా. మా ఆయన ఎప్పుడొచ్చారు?"

"ఎవరు?"

"మా ఆయన. ఆపమని రాసిచ్చింది ఆయనేగా?"

"కాదండీ, మీ ఆయనకీ దీనికీ సంబంధం లేదు. ఇది పోలీసుల నుంచి వచ్చింది. సైబర్ వాళ్ళు. ఎవరో మోసం చేసి కొట్టేసిన డబ్బు మీ అకౌంట్‌లోకి వచ్చిందట. అందుకని మొత్తం ఆపేయమన్నారు."

"అంటే ఆయన ఆపలేదా?"

"పోలీసులండీ! పోలీసు కేసు!" ఆ అమ్మాయికి ఈమె వినట్లేదనిపించి గొంతు పెంచింది. క్యూలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. పోలీసు కేసు అని చెబితే మొహం వెలిగిపోయిన మనిషిని ఆ బ్యాంకులో అదివరకు ఎవరూ చూసి ఉండరు. వదిన అక్కడున్న కుర్చీలో కూలబడి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. బాబాయ్ పక్కనున్నవాళ్ళకు "మంచి మనిషేనండీ, కాస్త ఎండ దెబ్బ తగిలింది" అని సర్దిచెప్పాడు.

సంగతి ఏమిటంటే, ఆమధ్య ఒక కుర్రాడు కొత్త ఫ్లాట్ మొత్తానికి కర్టెన్లు కుట్టించుకున్నాడు. బేరమాడలేదు, గుడ్డ తడిమి చూడలేదు, డబ్బంతా ముందే ఫోన్‌లో పంపేశాడు. "ఇలాంటి మారాజులు నెలకొకరొస్తే చాలు" అని బాబాయ్ కూడా మురిసిపోయాడు. ఆ మారాజు పంపింది ఎక్కడో దూరాన ఒక పెద్దావిడను ఫోన్‌లో భయపెట్టి లాక్కున్న డబ్బు. ఆ డబ్బు ఏ ఏ ఖాతాలను తాకిందో అక్కడల్లా పోలీసులు తాళం వేశారు. కుర్రాడు ఫ్లాట్ వదిలి పరారయ్యాడు.

"మేం తెరవలేమండీ. కేసు పెట్టిన ఊళ్ళో పోలీసులే తెరవమని చెప్పాలి. మీ బిల్లులూ అవీ తీసుకుని అక్కడికి వెళ్ళాలి. ఇద్దరి పేరు మీద ఉంది కాబట్టి ఇద్దరూ వెళ్ళాలి. ముందు ఇద్దరూ ఇక్కడికొచ్చి మా ఎదుట దరఖాస్తు మీద సంతకం చేయాలి" అంది ఆ అమ్మాయి.

"ఇద్దరమూనా?" అంది వదిన.

"మీ ఆయన ఊళ్ళో లేరా?"

వదిన చేతిసంచి సర్దుకుంది. "డ్యూటీలో ఉన్నారు" అంది.

ఇంటికి వచ్చి ఫోన్ పట్టుకుని కూర్చుంది. నంబరు ఎప్పుడూ ఉంది. చేయడమే లేదు. బాబాయ్ ఏమీ అనకుండా చెప్పులేసుకుని, టీ తాగొస్తానని మెట్లు దిగిపోయాడు. తర్వాత జరిగింది వదిన చెప్పగా విన్నదే.

రెండు రింగులకే ఎత్తాడు. ఇంజను చప్పుడు వినపడింది. ఆగింది.

"నేను" అంది.

"తెలుసు. చెప్పు."

"అకౌంట్ ఆగిపోయింది."

"తెలుసు. బంకులో పది మంది ముందు తెలిసింది. కార్డు గీస్తే పనిచేయదు, జేబులో చిల్లర లేదు. స్టెప్నీ టైరు అక్కడ తాకట్టు పెట్టి బండి కదిలించుకొచ్చా." గొంతు తగ్గించాడు. "ఆపుకునే హక్కు నీకుంది. కాదనను. ముందు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది, అంతే."

వదిన ఇక్కడ రెండు రోజులుగా ఏ మాటనుకుని కుమిలిపోతోందో, అదే మాట ఆ చివర్నుంచి వినపడుతోంది.

"నేనెందుకు ఆపుతానండీ?" అంది చివరికి. "మీరే ఆపారనుకున్నా."

"నేనా? నేనెందుకు ఆపుతా?"

పక్క నుంచి ఇంకో లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

"మరి ఎవరు ఆపారే?" అన్నాడు.

"పోలీసులు."

"హమ్మయ్య" అన్నాడాయన.

అలా కుదురుకుంది మాట. మిగతాదంతా చెప్పి, సంతకానికి రావాలంది. వస్తానన్నాడు. ఆ పోలీసు స్టేషన్ ఉన్న ఊరి వైపు ఎలాగూ లోడు ఉంది, బ్యాంకు నుంచి అటే పోదామన్నాడు. ఆ తర్వాత "ఉంటా మరి" అన్నాడు గానీ పెట్టేయలేదు. ఆమె కూడా పెట్టేయలేదు. తర్వాత ఎవరు పెట్టేశారో ఆమెకు గుర్తు లేదు.

ఆయన వచ్చే రోజున వదిన పొద్దున్నే తయారై కూర్చుంది. బాబాయ్ ఎగాదిగా చూసి, "సంతకానికేనా, సంబంధానికా?" అన్నాడు. కొట్టు కిటికీకి వేలాడే పాత కర్టెన్ మార్చి కొత్తది వేసి ఉంది. ఆయన పైకి వస్తాడనుకుంది. రాలేదు. బ్యాంకు ముందే ఉన్నానని ఫోన్ చేశాడు.

ముందు ఆమె గుర్తుపట్టలేదు. జుట్టు సగం తెల్లబడింది. కళ్ళజోడు వచ్చింది. చొక్కా భుజాల మీద వదులైంది. ఇన్నేళ్ళూ ఏం తాగాడో, ఏం తిన్నాడో, ఏ ఊరు దాటాడో అన్నీ తెలుసుకుంది. జుట్టు తెల్లబడిన సంగతి మాత్రం ఏ మెసేజ్‌లోనూ రాలేదు.

"సన్నబడ్డారు" అంది.

"నువ్వు అలాగే ఉన్నావు" అన్నాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

టోకెన్ తీసుకుని పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. ఒకటే కమ్మీకి కలిపి బిగించిన ఇనుప కుర్చీలు, ఒకరు కదిలితే ఇంకొకరు ఊగుతారు. ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. వంతు వచ్చాక ఆయన సంతకం చేస్తే అది పాత సంతకంతో కలవలేదు. మళ్ళీ చేశాడు. కలవలేదు. బ్యాంకు అమ్మాయి ఇబ్బందిగా చూసింది. ఆయనకు చెమట పట్టింది.

"చివర గీత కింద నుంచి పైకి లాగేవారు మీరు" అంది వదిన మెల్లగా. "ఇప్పుడు అడ్డంగా గీస్తున్నారు."

ఆయన ఆమె వైపు ఒకసారి చూసి, గీత పైకి లాగాడు. కలిసింది.

లారీ ఎక్కడానికి ఆమె కాస్త తడబడింది. చేయి అందించాడు. క్యాబిన్‌లో కొత్త సీటు కవర్లున్నాయి, కుట్టు బాగాలేదు, ఆమె వేలితో ఆ కుట్టు తడిమి ఊరుకుంది. ఊరు దాటాక రోడ్డు తెరుచుకుంది. ఆమె కిటికీ పక్కకు జరిగి బోర్డులు చదవడం మొదలుపెట్టింది. ఒక బంకు కనపడింది. ఆ పేరు ఆమె ఎన్నో వందలసార్లు చదివింది. పెద్ద బంకనుకుంది, రెండే పంపులున్నాయి. ఆయన అన్నం తినే హోటల్ రేకుల షెడ్డు. పొద్దున్నే టీ తాగే కొట్టు ముందు విరిగిన బెంచీ. ఏళ్ళ తరబడి పేర్లుగా ఎరిగినవన్నీ ఒక్కొక్కటే మొహాలు చూపిస్తుంటే ఆమె ఆపుకోలేకపోయింది.

"ఆ మందుల షాపేనా?" అంది ఒక ఊళ్ళో.

"ఏ షాపు?"

"వారంలో మూడుసార్లు మందులు కొన్నారే, అది."

ఆయన బండి నెమ్మది చేశాడు. "నీకెలా తెలుసు?"

"మెసేజ్ వస్తుందిగా. నడుం నొప్పా?"

"పన్ను నొప్పి."

"పన్నా! పన్ను నొప్పికా నేను లారీ ఆఫీసు మెట్లెక్కి ఆ గుమాస్తా చేత పిచ్చిదాన్ని అనిపించుకుంది!"

ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాడు. కొంత దూరం పోయాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"నువ్వు మాత్రం? ఆమధ్య కరెంటు బిల్లు ఉన్నట్టుండి సగమైంది. ఒంట్లో బాగాలేక మిషన్ ఆపేసిందేమో అనుకున్నా."

"మోటారు కాలిపోయింది. కొన్నాళ్ళు కాళ్ళతో తొక్కి కుట్టాం."

"అదే అనుకున్నా తర్వాత. మిషన్ల షాపు పేరు పడ్డాక ఊపిరి పీల్చుకున్నా. కొనుక్కుంటుందో లేదో, డబ్బు చూసి వెనక్కి తగ్గుతుందేమోనని ఆ నెల టైర్లు మార్చకుండా ఆగాను."

వదిన ఆయన వైపు తిరిగింది. "అందుకా, టైర్ల షాపు పేరు అంత ఆలస్యంగా వచ్చింది? అరిగిన టైర్లతో తిరుగుతున్నారని నేనెంత భయపడ్డానో తెలుసా?"

"ఒక్క ఫోన్ చేసి తిట్టాల్సింది."

"మీరు ఒక్క ఫోన్ చేసి చెప్పాల్సింది."

ఏళ్ళన్నీ వృథా అయ్యాయని ఇద్దరికీ ఒకేసారి తెలిసినట్టయింది. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆయన అక్కర్లేని చోట కూడా గేర్లు మార్చాడు.

స్టేషన్‌లో అనుకున్నంత బెదిరింపేమీ లేదు. ఆఫీసరు బిల్లు చూశాడు, కర్టెన్లు తగిలించాక తీసిన ఫోటోలు చూశాడు, పక్కన పెట్టాడు. ఆ గదిలోనే మూల బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. టీచరుగా రిటైరైందట. మోసపోయింది ఆమే. డబ్బు సంగతేమైందని అడగడానికి తరచూ వచ్చి కూర్చుంటుందట. వదిన ఎవరో తెలిశాక దగ్గరికి పిలిచింది.

"నా డబ్బుతో ఏం రంగు కర్టెన్లు కొన్నాడమ్మా వాడు?"

వదిన తడుముకుంది. "గంధం రంగు, టీచరు గారూ. ఆకుల అంచు."

"బాగున్నాయా?"

"బాగున్నాయి."

"పోనీలే, అదైనా మంచిది చూసి కొన్నాడు" అని ఆవిడ కిటికీ వైపు చూసింది. స్టేషన్ కిటికీకి కర్టెన్ లేదు.

తాళం తీయిస్తామని, ఆ కుర్రాడు పంపిన మొత్తం మాత్రం కేసు తేలేదాకా ఆగుతుందని ఆఫీసరు చెప్పాడు. వదిన భర్త వైపు చూసింది. ఆయన తలూపాడు. ఆ మొత్తం టీచరుగారికే ఇచ్చేయండి, మాకు అభ్యంతరం లేదని రాసిచ్చి వచ్చారు.

తిరుగు దారిలో ఆయన ఒక్కటే అడిగాడు. "అంత గుడ్డ, అంత కుట్టు. బాధ లేదూ?"

"ఉంది" అంది వదిన. "కానీ ఆవిడ రంగు అడిగిందిగా."

మా వీధి చివర, మేడకు కాస్త ఇవతల లారీ ఆపాడు. ఆమె దిగి నిలబడింది.

"పైకొచ్చి టీ తాగి వెళ్ళండి."

ఆయన కొట్టు వైపు చూశాడు. కిటికీకి వేసిన కొత్త కర్టెన్ కూడా చూసినట్టున్నాడు. స్టీరింగ్ మీద చేయి వేసి, "లోడు ఎక్కించాలి" అన్నాడు. ఆమె సరేనంది. లారీ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. తిరిగాక కూడా నిలబడింది. నేను నా కొట్టు మూసుకుని ఇంటికి వస్తూ చూసి, "ఏం వదినా ఇక్కడున్నావు" అంటే, "గాలి బాగుంది" అంది. గాలేమీ లేదు.

కొన్ని వారాలకు ఖాతా తెరుచుకుంది. వరసగా మెసేజ్‌లు వచ్చి పడ్డాయి. చివరి సంతకాలకు ఇద్దరూ ఇంకోసారి బ్యాంకుకు వెళ్ళాల్సి వచ్చింది. ఆ అమ్మాయి ఈసారి వాళ్ళను గుర్తుపట్టి నవ్వింది.

"మేడమ్, ఒకటి చెప్పనా? ఇద్దరి వ్యాపారాలూ ఒకే అకౌంట్‌లో ఉండటం వల్లే ఇద్దరూ ఇరుక్కున్నారు. ఎవరిది వాళ్ళు విడిగా పెట్టుకుంటే మంచిది."

అన్నయ్య వదిన వైపు చూడకుండా, "ఆమె ఇష్టం" అన్నాడు. ఆమె వద్దంటుందని నమ్మకంగా కూర్చున్నాడని చూస్తేనే తెలిసిపోయిందట.

"విడదీయండి" అంది వదిన.

ఆ అమ్మాయి ఎక్కడ చూపిస్తే ఆయన అక్కడ సంతకం చేశాడు. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగిపోయాడు.

"అయితే ఇక అంతేనా టేపూ?"

ఆ పేరు విని ఎన్నాళ్ళైందో. వదిన చేతిసంచి మెట్టు మీద పెట్టింది.

"మీరు టీ తాగినా నాకు తెలిసేది. నేను సూదులు కొన్నా మీకు తెలిసేది. అన్నీ తెలుస్తున్నాయి కదా అని నేను అడగలేదు, మీరు చెప్పలేదు. అలా చూస్తూ ఇంకో పదేళ్ళు గడిపేస్తాను నేను, నా సంగతి నాకు తెలుసు. నాకది చాలట్లేదండీ. ఇక మీద మీరెక్కడున్నారో మీరే చెప్పాలి. చెప్పాలనిపిస్తే."

"చెప్పాలనిపించకపోతే?"

"అదీ తెలుస్తుంది."

ఆయన జేబులోంచి లారీ తాళాలు తీశాడు. రోడ్డు దాటి లారీ వైపు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి రోజులు వదినకు ఎంత గడ్డుగా గడిచాయో కళ్ళారా చూశాం. ఫోన్ కూసేది. చేయి తుడుచుకుని చూసేది. తన ఖాతాదే, తన దారం ఉండలదే, తన కరెంటు బిల్లుదే. ఆయన లేచాడో లేదో, తిన్నాడో లేదో, ఏ వైపు వెళ్ళాడో ఏమీ తెలియదు. "పొరపాటు చేశావేమోనమ్మా" అన్నాడు బాబాయ్ ఒకసారి. "చేశానేమో" అంది. అయినా తను మాత్రం ఫోన్ చేయలేదు. ఈసారిది పంతం కాదట. ఆయనకు చెప్పాలనిపించాలి, అంతే.

ఒక మధ్యాహ్నం మోగింది. "భోజనానికి ఆగా" అన్నాడు. ఇంకేం చెప్పాలో తెలియక, "కూర బాగాలేదు" అన్నాడు. ఆమె ఏం కూర అని అడిగింది. ఆ ఒక్క ఫోన్‌తో ఆమె ఆ సాయంత్రమంతా మిషన్ మీద ఏదో పాట తీసింది. బాబాయ్‌కి చెవులు మూసుకునే వీలు లేక దగ్గుతో సరిపెట్టాడు.

ఇప్పటికీ ఆయన ఆ ఊళ్ళోనే గదిలో ఉంటున్నాడు. ఇటువైపు లోడు ఉంటే వస్తాడు, మెట్లెక్కుతాడు, ఒకటి రెండు రోజులుంటాడు, మూడో రోజుకు కిటికీ దగ్గర నిలబడి రోడ్డు వైపు చూడటం మొదలుపెడతాడు. ఆమే సంచి సర్ది ఇస్తుంది. ఒక్కో వారం రోజూ ఫోన్ వస్తుంది. ఒక్కో వారం అసలు రాదు. రాని వారాల్లో వదినకు పని మీద ధ్యాస ఉండదు. అలాంటప్పుడు మేమెవరమూ కర్టెన్లు కొలిపించుకోం.

మొన్న మా ఇంట్లో గదికి కొలతలు తీయడానికి వచ్చింది. నిచ్చెన మీద ఉండగా ఫోన్ మోగింది. ఎవరు చేశారో చూసి, దిగకుండానే ఎత్తింది. నేను కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను.

"ఎక్కడున్నారు?" అంది. విన్నది. "వానా? ఇక్కడ లేదు. ఎడమ పక్క ఏముంది? చెరువా? పెద్దదా?" మళ్ళీ విన్నది. టేపు ఆమె చేతిలోంచి జారి నేల మీద పడింది. చూసుకోలేదు. కిటికీ చువ్వల్లోంచి దూరంగా ఎటో చూస్తోంది, అక్కడ మా పక్కింటి గోడ తప్ప ఏమీ లేదు.

"ఇంకా?" అంది. "ఇంకా ఏం కనపడుతున్నాయో చెప్పండి."

నా చేతులు లాగేస్తున్నాయి. అయినా నిచ్చెన వదల్లేదు.